కెప్టెన్ మతీన్ అన్సారీ సమాధి ఎక్కడుంది?

ప్రశ్న: మా తాతగారి ట్రంకుపెట్టెలో దొరికిన పసుపెక్కిన పత్రికా తునకలో, హాంకాంగ్‌లో జపాన్ సైన్యానికి బందీగా చిక్కి ప్రాణాలు విడిచిన హైదరాబాదీ అధికారి ప్రస్తావన కనిపించింది. పేరున్న చోట మడత పడి చిరిగిపోయింది. ఆయన ఎవరో తెలుపగలరా?

జవాబు 1: కెప్టెన్ మతీన్ అహ్మద్ అన్సారీ అయి ఉంటారు. రాజ్‌పుత్ రెజిమెంటుకు చెందిన ఆయన 1941 డిసెంబరులో హాంకాంగ్ పతనంతో బందీ అయ్యారు. నిజాం బంధువని తెలిసిన జపాన్ అధికారులు, బ్రిటిష్ వారిపై విధేయత వదిలి తోటి భారతీయ బందీలను రెచ్చగొట్టమని ఒత్తిడి చేయగా, ఆయన ఒప్పుకోలేదు. హాంకాంగ్‌లోని స్టాన్లీ జైలులో ఆకలికి మాడ్చి, చిత్రహింసలు పెట్టి తిరిగి శిబిరానికి పంపితే, అక్కడ ఇతరులు తప్పించుకోవడానికి సాయపడ్డారు. 1943 అక్టోబరు 29న ముప్పై మందికి పైగా బందీలతో పాటు మరణశిక్ష అమలు చేశారు.

జవాబు 2: 1946లో మరణానంతరం ఆయనకు జార్జ్ క్రాస్ అనే బ్రిటిష్ సాహస పురస్కారం ప్రకటించారు. సమాధి స్టాన్లీ సైనిక శ్మశానవాటికలో ఉంది. రోడ్డు మీది నుంచి రాతిమెట్లు ఎక్కాలి. విధేయత ఎవరిపట్ల అన్న వాదన ఎలాగూ వస్తుంది గాని, నాకు ముఖ్యంగా తోచేది ఆయన తోటి బందీలను అప్పగించకపోవడమే.

ప్రశ్నించినవారు: ధన్యవాదాలండీ. తునకలో మిగిలిన తేదీ కూడా అదే.