కర్నూలు నుంచి కారు పంపాలి, కిరాయి తగ్గేదెట్లా?

హంద్రీగట్టు:
పొద్దున్నుంచి ఫోన్లు చేసి చేసి తల వాచిపోయింది. కారు పంపేదానికి ఒకడు 24 వేలంటాడు, ఇంకొకడు 38 వేలంటాడు. తేడా ఎందుకో ఎవడూ చెప్పడు. పైగా ట్రాన్సిట్ ఇన్సూరెన్స్ అని ఇంకో 9 వేలు. ఎట్లా తగ్గించుకోవాలో చెప్పండన్నా, అర్జెంట్.

సీమస్టీరింగ్:
యాడికి? ఏం కారు?

గుత్తిరోడ్డు:
ముందు ఎన్ఓసీ, అంటే ఆర్టీఓ ఇచ్చే నిరభ్యంతర పత్రం, దాని సంగతి చూసుకో తమ్ముడూ. వేరే రాష్ట్రంలో 12 నెలలు దాటి ఉంచితే అక్కడ మళ్ళీ రిజిస్ట్రేషన్ తప్పదు, మోటారు వాహనాల చట్టం 47వ సెక్షన్. దానికి ఈ ఎన్ఓసీ, ఫారం 28లో, ఇక్కడి ఆర్టీఓ నుంచే రావాల. లోన్ ఉంటే ఫైనాన్సర్ ఒప్పుకోలు కూడా కావాల. బండి పోయినాక గుర్తొస్తే తిప్పలే.

హంద్రీగట్టు:
నేనడిగింది కిరాయి గురించన్నా. గుర్గావ్‌కు. స్విఫ్ట్, పెట్రోల్.

సీమస్టీరింగ్:
ఇది ముందే రాయొద్దా? ఒక్క కారు కోసం క్యారియర్ లారీ కర్నూలు టౌన్లోకి రాదు. డోర్ పికప్ అంటే, వాళ్ళ డ్రైవర్ వచ్చి నీ పెట్రోల్‌తోనే 210 కి.మీ. పైచిలుకు నడిపి హైదరాబాద్ యార్డులో పెడతాడు. ఆ ఖర్చు నీ కొటేషన్‌లోనే కూర్చుంది. నువ్వే తోలుకపోయి అప్పజెప్పి బస్సెక్కి వచ్చెయ్. గుర్గావ్‌లో కూడా యార్డు నుంచే తీసుకో. ఓపెన్ క్యారియర్ చాలు, స్విఫ్ట్‌కు మూత కంటెయినర్ దండగ. ఫలానా తేదీకే కావాలని పట్టుబట్టొద్దు, లారీ నిండినప్పుడు ఎక్కించుకోమంటే బేరానికి సందు దొరుకుతుంది.

ట్యాంకులో 5 లీటర్లు చాలు, ఎక్కించేదానికి, దించేదానికి అంతే కావాల. డిక్కీలో సామాన్లు పెట్టొద్దు. ఫాస్టాగ్ ఉన్న చోట అద్దానికి లోపలా బయటా అల్యూమినియం ఫాయిల్ అంటించు. లేకుంటే కారు లారీ మీదున్నా టోల్ గేటు దాన్ని చదివి నీ ఖాతాలో కోస్తుంది. కిలోమీటర్ల రీడింగ్ ఫొటో తియ్, ఎల్ఆర్ (ట్రాన్స్‌పోర్టర్ ఇచ్చే లారీ రసీదు) మీద కూడా రాయించు.

పెన్నాఇసుక:
ఇంత తతంగమెందుకు? అనంతపురం జిల్లా పెనుకొండ నుంచి కియా ట్రైలర్లు ఉత్తరాదికే కదా పోయేది. డ్రైవర్‌ను పట్టుకుంటే సగానికి సగం.

గుత్తిరోడ్డు:
పెనుకొండ 2022 నుంచి శ్రీ సత్యసాయి జిల్లా.

పెన్నాఇసుక:
జిల్లా మారితే రోడ్డు మారుతుందా సామీ?

సీమస్టీరింగ్:
రోడ్డు మారదు గానీ ఆ ట్రైలర్లు కంపెనీ లోడుతో పోతాయి, నీ కారుకు జాగా యాడిది? ఖాళీగా ఉత్తరానికి పోయేవి గుర్గావ్, మానేసర్ నుంచి మారుతీ కార్లు తెచ్చి ఇక్కడ దించినవి. అయినా డ్రైవర్‌తో నోటిమాట బేరం వద్దు. ఎల్ఆర్ లేకుంటే గీత పడినా అడిగే దిక్కుండదు.

నల్లకోటు:
9 వేలు కట్టొద్దు. పాలసీ కాంప్రహెన్సివా, థర్డ్ పార్టీ మాత్రమేనా?

హంద్రీగట్టు:
కాంప్రహెన్సివే.

నల్లకోటు:
పాలసీలో ఓన్ డ్యామేజ్ (సొంత బండి నష్టం) సెక్షన్ తీసి 'ఇన్ ట్రాన్సిట్' అనే మాట వెతుకు. మామూలు పాలసీలో రోడ్డు, రైలు మీద రవాణాలో జరిగే నష్టం కూడా కవరవుతుంది. క్లెయిమ్ చేస్తే నో క్లెయిమ్ బోనస్ (క్లెయిమ్ లేనందుకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు) పోతుంది, అది లెక్కేసుకో. ఇక ట్రాన్స్‌పోర్టర్ అమ్మే 'రిస్క్ కవరేజ్' మీద బీమా కంపెనీ పేరు, పాలసీ నంబరు లేకుంటే అది ఇన్సూరెన్స్ కాదు.

గుత్తిరోడ్డు:
రెండూ ఒకటే, పేరే వేరు.

నల్లకోటు:
ఒకటి కాదు. ట్రాన్స్‌పోర్టర్ బాధ్యత చట్టంతోనే వస్తుంది, దానికి వేరే రుసుమెందుకు? వాళ్ళ హయ్యర్ రిస్క్ రేటు (ఎక్కువ బాధ్యతకు ఎక్కువ కిరాయి) కడతానని ఒప్పుకోకుంటే మాత్రం ఆ బాధ్యత కిరాయికి పది రెట్లతో ఆగిపోతుంది. 24 వేలకు 2.4 లక్షలు. కోర్టుకు పోవాలంటే బుకింగ్ తేదీ నుంచి 180 రోజుల్లోపు రాతపూర్వకంగా నోటీసు ఇచ్చుండాల.

హంద్రీగట్టు:
ఉంది, 'ఇన్ ట్రాన్సిట్' అనే ఉంది. ఆదివారం యార్డుకు తోలుకపోతా. థ్యాంక్స్.

కోడుమూరోడు:
అన్నా, బుల్లెట్ బండికి కూడా ఇదే లెక్కనా?