రద్దీ రోజున పశువుల ఆసుపత్రిలో ఎవరిని ముందు చూడాలి?

ప్రశ్న (పశువైద్యురాలు, అనంతపురం జిల్లా)

కళ్యాణదుర్గం వైపు ఒక మండల కేంద్రంలో ఉద్యోగంలో చేరి ఎనిమిది నెలలైంది. నాతో ఒక కాంపౌండరు, ఒక అటెండరు మాత్రమే ఉన్నారు. మొన్న సోమవారం నేను వెళ్లేసరికే ఇరవై మంది దాకా నిలుచున్నారు. టీకాకు తెచ్చిన దూడలు, కుంటుతున్న ఎద్దు, తువ్వాలులో చుట్టి తెచ్చిన వాంతుల కుక్కపిల్ల ఆ వరుసలో ఉన్నాయి. అంతలో రాత్రి నుంచి ఈనలేక అవస్థ పడుతున్న జెర్సీ ఆవును ట్రాక్టరులో తెచ్చారు. లోపల దూడ తల వెనక్కి మడిచి ఉంది. దాన్ని సరిచేసి, కాళ్లకు తాళ్లు కట్టి బయటికి తీయడానికి గంటకు పైగా పట్టింది. దూడ బ్రతికింది.

భుజం దాకా తడిసిన చేతితో బయటికి వస్తే, గేటు దగ్గర ఆటోలో నాలుగు గొర్రెలు ఉన్నాయి, వాటిలో రెండు అప్పటికే చనిపోయాయి. వానకు మళ్లీ చిగిర్చిన జొన్న మోళ్లను మేసి నాము (లేత జొన్నలోని సైనైడు విషం) తగిలిన జీవాలవి. వాటి కాపరి తన వంతు కోసం నలభై నిమిషాలుగా, ఎవరితోనూ ఏమీ అనకుండా, వరుసలోనే నిలబడి ఉన్నాడు. మిగిలిన రెండింటికి విషానికి విరుగుడుగా సోడియం నైట్రైటు, ఆ వెంటనే హైపో (సోడియం థయోసల్ఫేటు) సిరలోకి ఎక్కించాను, అవి లేచాయి. వచ్చిన వరుసలో చూడకపోతే గొడవ, చూస్తే ఇలా జరుగుతోంది. అనుభవజ్ఞులు ఎలా నడుపుతారో చెప్పగలరు.

జవాబు (విశ్రాంత పశువైద్యుడు, కర్నూలు)

అమ్మా, సగం తీసిన దూడను వదిలి రాలేరు కాబట్టి ఆ గంట గురించి బాధపడకండి. నేను ఉదయం కుర్చీలో కూర్చోకముందే గేటు నుంచి ట్రెవిస్ (పశువును కదలకుండా నిలబెట్టే చట్రం) దాకా ఒకసారి నడిచి, ఏ పశువునూ ముట్టకుండా ఊపిరి ఎలా ఉంది, ఎడమ డొక్క ఎలా ఉంది, నిలబడిందా పడిపోయిందా, నోట చొంగ కారుతోందా అని మాత్రమే చూసేవాణ్ణి. మీరు లోపల ఉన్నప్పుడు ఆ నడక కాంపౌండరు నడవాలి. డొక్క డప్పులా ఉబ్బిన పశువూ, ఈని మూడు రోజులైనా కాకుండానే చల్లబడిన చెవులతో, మెడ పక్కకు తిప్పుకుని పడుకున్న ఆవూ వరుసలో ఉండవలసినవి కావు.

అయితే అలా పడుకున్న ఆవుకు ఉండే పాల జ్వరానికి, అంటే ఈనాక రక్తంలో కాల్షియం పడిపోవడానికి, కాల్షియం గబగబా ఎక్కించే పొరపాటు సరిగ్గా ఇలాంటి రోజుల్లోనే జరుగుతుంది. సీసా నెమ్మదిగా దిగుతున్నంతసేపూ చెవి నుంచి స్టెతస్కోపు తీయకండి, గుండె లయ తప్పితే అక్కడికక్కడే ఆపండి. బయట ఎవరు కేకలేసినా సరే, ఆ సమయాన్ని తగ్గించకూడదు.

చొంగ విషయం మరీ ముఖ్యం. గొంతులో ఏదో అడ్డుపడిందని యజమాని అనగానే నోట్లో చేయి పెట్టకండి, పిచ్చికుక్క కరిచిందేమో ముందు అడగండి. నేను తొందరలో ఒక బర్రె నోట్లో చేయి పెట్టి, తరువాత 0, 3, 7, 14, 28 రోజుల లెక్కన రేబిస్ టీకా ఐదు సూదులు వేయించుకున్నాను. ముందస్తు టీకా ఉండి ఉంటే రెండింటితో పోయేది. మీరు వేయించుకున్నారా?

జవాబు (గొర్రెల పెంపకందారు, కడప జిల్లా)

డాక్టరమ్మా, ఆ కాపరి ఎందుకు మాట్లాడలేదో నాకు తెలుసు. వరుస తప్పితే అందరి ముందూ కసురుతారని మాకు భయం. చీటీ రాసే ఆయన పేరు, ఊరు అడిగి, "గొర్రెలు, నాలుగు" అని రాసుకుని కూర్చోమంటాడు. ఏం మేసింది, ఎంతసేపైంది అని మొదటే అడిగితే, మేము నాము అనే మాట చెప్పకుండా ఉండము. 1962కు ఫోను చేస్తే వచ్చే పశువుల అంబులెన్సు బండి ఉన్నా, నాము తగిలిన జీవానికి అది వచ్చేదాకా ఆగే తీరిక ఉండదు.

జవాబు (పశుసంవర్ధక సహాయకుడు, అనంతపురం జిల్లా)

పెద్దాయన సలహా బాగుంది కానీ, దూడను లాగేటప్పుడు తాడు పట్టేది కాంపౌండరే కదా, ఆ నడక ఎవరు నడవాలి? మా దగ్గర అటెండరుకే నేర్పాము. ఆయన మందుల జోలికి పోడు, ఏదైనా ఎగశ్వాస తీస్తుంటే తలుపు కొడతాడు, అంతే. టీకా దూడలకు మధ్యాహ్నం టోకెన్లు ఇచ్చి పంపితే సగం గుంపు తగ్గుతుంది. ఇంకొకటి, మేడమ్, వాంతులతో వచ్చిన కుక్కపిల్ల పార్వో (కుక్కల్లో ఒకదాని నుంచి మరోదానికి అంటే వైరస్ జబ్బు) కేసు కావచ్చు. దాన్ని టీకాకు వచ్చిన కుక్కల పక్కన ఉంచవద్దు.

ప్రశ్న అడిగినవారు

అందరికీ ధన్యవాదాలు. ముందస్తు టీకా నేను వేయించుకోలేదు, ఈ వారమే మొదటి సూది వేయించుకుంటాను. ఈ రోజు చీటీల పుస్తకంలో పేరు గడికి ముందు "ఏం మేసింది, ఎప్పుడు" అనే గడి గీయించాను. నైట్రైటు, హైపో బీరువాలో ఉండేవి, తాళం నా దగ్గర ఉండేది. ఇప్పుడు వాటిని చేతికందేలా ట్రెవిస్ పక్క అలమరలో పెట్టాను.