రైలు పట్టాకి ‘పట్టా’ అనే పేరెందుకు?

రైలు పట్టా కోసి చూస్తే పైన తల, మధ్యలో సన్నటి నడుము, కింద వెడల్పాటి పాదం. పట్టా అంటే పలచగా, బద్దలా ఉండేది కదా? దీన్ని కమ్మీ అనాలి గానీ పట్టా అంటారేమిటి? పెద్దలు చెప్పండి.

— మాస్టారూ, మంచి ప్రశ్న. ఎడ్లబండి చక్రానికి పట్టా వేయడం చూశారా? మా ఊళ్ళో కమ్మరి పిడకల మంటలో ఇనపపట్టాని ఎర్రగా కాల్చి, పట్టకార్లతో తెచ్చి చక్రానికి తొడిగి, గబగబా నీళ్ళు పోసేవాడు. చుయ్యిమని ఆవిరి లేచేది, పట్టా బిగుసుకుంటుంటే చక్రం ఆకులు కిర్రుమనేవి.

తమాషా ఏమిటంటే, అమెరికాలో తొలి రైళ్ళు చాలా వరకు అచ్చంగా పట్టా మీదే నడిచాయి. 1830ల్లో అక్కడ ఇనుము ఖరీదు, కలప చవక. పొడుగాటి దూలాలు పరిచి, వాటి మీద పలచటి ఇనపబద్ద మేకులతో కొట్టేవాళ్ళు. బండ్లు తిరిగేకొద్దీ మేకులు వదులై బద్ద కొస పైకి లేచేది. చక్రం దాని కిందికి దూరిందా, ఆ కొస పెట్టె అడుగు చీల్చుకుని ప్రయాణికుల మధ్యకి వచ్చేది! దానికి వాళ్ళు పెట్టుకున్న పేరు ‘పాము తల’. పేర్లు పెట్టడంలో మనకేం తీసిపోరు. మీరు చెప్పిన పాదం ఉన్న కమ్మీని 1830లో రాబర్ట్ స్టీవెన్స్ అనే అమెరికా ఇంజనీరు రూపొందించాడు. ఇంగ్లండు వెళ్ళే ఓడలో కూర్చుని చెక్కముక్క మీద నమూనా చెక్కాడంటారు.

— అన్నా, అయితే మన మాట అక్కణ్ణుంచి వచ్చిందంటారా?

— లేదు తమ్ముడూ. బొంబాయి–ఠాణే బండి నడిచింది 1853 ఏప్రిల్ 16న, మద్రాసు రాయపురం నుంచి వాలాజా రోడ్డుకి 1856 జులై 1న. అప్పటికి ఇక్కడ వేసినవి గట్టి కమ్మీలే, బద్దలు కావు. నా ఊహ వేరు. చక్రం చుట్టూ ఉన్న ఇనుము పట్టా అయినప్పుడు, చక్రం కింద పరిచిన ఇనుమునీ బండి తోలేవాడు పట్టా అనే అంటాడు.

— మరి పొలం పట్టా?

— అదీ ఈ కుటుంబమే. సంస్కృతంలో పట్టమంటే పలక, రేకు. దానశాసనాలు రాగిరేకుల మీద చెక్కేవారు కదా. నుదుటి మీది పట్టెనామాలు కూడా చూడండి, వెడల్పాటి బద్దలే!