సమస్య: నీరు పోసినంత నీల్గె మొక్క

నిర్వాహకుడు

ఈ వారం సమస్య ఆటవెలది నాలుగో పాదం: నీరు పోసినంత నీల్గె మొక్క.

అయిదూ సూర్యగణాలే, అంటే గురువు–లఘువు గానీ మూడు లఘువులు గానీ. యతి, అంటే పాదం మొదటి అక్షరానికి నాలుగో గణం మొదటి అక్షరంతో పొత్తు, నీ–నీ. మొదటి మూడు పాదాలు మీవి. సందర్భం వేరే చెప్పాలా? బెంగళూరులో ఏప్రిల్ నెల. బాల్కనీలో కుండీలున్న ప్రతి ఇంట్లో పొద్దున్నే మగ్గు ఎవరు పట్టుకోవాలన్న వాదం నడుస్తోంది. 2024 మార్చిలో జలమండలి తాగునీటితో తోటలు తడిపితే 5,000 రూపాయల జరిమానా అని ప్రకటించినప్పటి నుంచి మా వీధిలో మొక్కలకు నీళ్ళు పోయడం కూడా చీకటి పడ్డాక చేసే పని అయింది. కాబట్టి పూరణలో శ్రమ తగ్గించే ఉపాయం ఏదైనా ఉంటే అదనపు మార్కులు. పద్యం కింద నాలుగు మాటల వచనం రాయండి, మొక్క ఎందుకు పోయిందో కూడా తెలియాలి.

ఒక హెచ్చరిక. ఎక్కువ నీళ్ళకు వేరు కుళ్ళింది అన్న పూరణ అందరికీ తోస్తుంది. మొదట పంపినవారికి దక్కుతుంది, తరువాతివారికి నిట్టూర్పే.

జయనగర కోడలు

మొదట నేనే, మాస్టారూ.

*కుండి యడుగు మూసి కురిపింప నీళ్ళను*
*వేరు కుళ్ళిపోయి వెతలు పడెను*
*మూడు పూట లిట్లు ముదముతో నత్తయ్య*
*నీరు పోసినంత నీల్గె మొక్క*

మా ఇంట్లో జరిగిందే. కింద టైల్సు మీద మరక పడుతోందని కుండీ అడుగు రంధ్రంలో గులకరాయి బిగించారు. నెలలో గులాబీ పోయింది.

నిర్వాహకుడు

గణాలు, యతులు సరిగా ఉన్నాయి. "ముదముతో" అన్న మాట పద్యాన్ని బతికించింది. ప్రేమతోనే చంపారన్నమాట. రెండో పాదంలో "వెతలు పడెను" మాత్రం యతి కోసం అద్దెకు తెచ్చినట్లుంది. *వేరు కుళ్ళి కంపు వీధి కెక్కె* అని చూడండి. కుళ్ళిన వేరు కుండీ విప్పినవారికి ఆ వాసన మరపురాదు.

విషయం కొంచెం విప్పి చెప్పాలి. వేరుకు నీటితో పాటు గాలి కావాలి. మట్టి రేణువుల మధ్య సందులన్నీ నీటితో నిండితే వేరుకు ఊపిరాడదు. ఊపిరాడని వేరు నీరు పీల్చలేదు, అందుకని పైన ఆకు వాడుతుంది. వాడిన ఆకును చూసి మనం దాహమనుకుని ఇంకో చెంబు పోస్తాం. తేల్చుకోవడానికి సులువైన మార్గం వేలు. రెండో కణుపు దాకా మట్టిలో గుచ్చండి. తడి తగిలితే చెంబు కింద పెట్టండి.

సర్జాపుర పాంథుడు

*నల్ల గొట్టమందు నడిమింటి సూర్యుడు*
*కాచి పెట్టినాడు కాఫి కొరకు*
*తెలియ కేను మరను తిప్పితి, నావేడి*
*నీరు పోసినంత నీల్గె మొక్క*

డాబా మీద నల్ల గొట్టం చుట్ట మధ్యాహ్నమంతా ఎండలో పడి ఉంటుంది. రెండు గంటలకు కుళాయి తిప్పి నేరుగా వంగనారు మీద పట్టాను. చేయి పెట్టి చూసి ఉంటే తెలిసేది.

నిర్వాహకుడు

భేష్. మూడో పాదం చివరి "ఆ వేడి" నాలుగో పాదంలోని "నీరు"తో కలిసి సమస్యను సగం విప్పేసింది. "కాఫి"లో దీర్ఘం ఎగిరిపోయిందని ఎవరైనా అంటారేమో. కన్నడసీమలో ఉన్నాం, ఇక్కడివాళ్ళు "కాపి" అని పొట్టిగానే పిలుస్తారు, చెల్లిపోతుంది. గొట్టంలో మొదట వచ్చే నీటిని బకెట్టులో పట్టి చల్లారనివ్వండి. ఆ పని కన్నా తెల్లవారుజామున లేవడమే తేలిక అనిపిస్తే మరీ మంచిది.

మారతహళ్లి మేఘం

*బోరు తవ్వ తవ్వ బుడబుడ మని వచ్చె*
*సున్న మింత, తుప్పు చూర్ణ మింత*
*ఆకు కొసలు మాడె. నయ్యయ్యొ యీ యుప్పు*
*నీరు పోసినంత నీల్గె మొక్క*

మాకు కావేరి రాదు. బోరు, ట్యాంకరు, అంతే. కుండీ అంచున తెల్లగా పొర కడుతుంది. గోటితో గీకితే పిండిలా రాలుతుంది.

జయనగర కోడలు

మేఘం గారూ, నీళ్ళ శుద్ధి యంత్రం పక్కకు వదిలే నీటిని మొక్కలకు పోయవచ్చునా? మాకు రోజుకు రెండు బకెట్లు వృథా అవుతున్నాయి.

మారతహళ్లి మేఘం

బోరు నీరే దానికి మూలమైతే వద్దమ్మా. లోపలికి వెళ్ళిన ఉప్పు, తాగే నీటిలోంచి తప్పుకుని ఆ పక్క నీటిలో చేరుతుంది. అంటే మామూలు బోరు నీటి కన్నా అది ఇంకా చిక్కన. నేల తుడవడానికి వాడండి. కావేరి నీటి మీద నడిచే యంత్రమైతే కొంత నయం, అయినా ఒకే కుండీకి రోజూ పోయకండి. నేను నెలకోసారి వాననీటితో కుండీని బాగా కడుగుతాను. అడుగు రంధ్రంలోంచి ధారగా కారేదాకా పోస్తే పేరుకున్న ఉప్పు కొట్టుకుపోతుంది.

నిర్వాహకుడు

"తుప్పు చూర్ణ మింత" చదివి నవ్వుకున్నాను, మందుల చీటీలా ఉంది. సు–చూ యతి చెల్లుతుంది. "మాడెను, అయ్యయ్యొ" అన్నచోట సంధి కూడా శుద్ధం.

వైట్‌ఫీల్డ్ వామనుడు

కొత్తవాణ్ణి. తప్పులుంటే మన్నించండి.

*టైమరు పెట్టి నేను టక్కున పోతినూరు...*

నిర్వాహకుడు

ఆగండి తమ్ముడూ. "టైమరు" గురువు, రెండు లఘువులు. అది భగణం, ఇంద్రగణాల జాబితాలోది. ఆటవెలది బేసి పాదంలో మొదటి మూడూ సూర్యగణాలు కావాలి, అంటే గలం గానీ నగణం గానీ. "టైమ రొకటి పెట్టి" అని విరిచి చూడండి. టై–ట యతి దానంతట అదే కుదురుతుంది.

వైట్‌ఫీల్డ్ వామనుడు

ధన్యవాదాలు మాస్టారూ. రాత్రి కూర్చుని మళ్ళీ రాశాను.

*టైమ రొకటి పెట్టి టక్కున పయనింప*
*పుదిన పొంగి పోయె పూట పూట*
*ముళ్ళ జెముడు కూడ మురిసెనో యనుకొంటి*
*నీరు పోసినంత నీల్గె మొక్క*

సంక్రాంతికి తెనాలి వెళ్ళేముందు బాల్కనీలో బిందుసేద్యం అమర్చాను. కుళాయికి బ్యాటరీ టైమరు, దానికి 16 మి.మీ. గొట్టం, అందులోంచి ఒక్కో కుండీకి 4 మి.మీ. సన్న గొట్టం. గంటకు 4 లీటర్లు చుక్కలుగా వదిలే బిరడాలు (డ్రిప్పర్లు). రోజుకు పది నిమిషాలు పెట్టాను, అంటే కుండీకి సుమారు 670 మిల్లీలీటర్లు. పుదీనాకు పండుగ. బ్రహ్మజెముడుకు మాత్రం పది రోజులూ వరదే. తిరిగి వచ్చి ముట్టుకుంటే మొదలు ముద్దలా చేతికి వచ్చింది.

నిర్వాహకుడు

మొదటి పద్యానికి ఇంత నడక రావడం విశేషం. "మురిసెనో యనుకొంటి" అన్న మాటలోని అమాయకత్వం బాగుంది. ఎడారి మొక్కను, పుదీనాను ఒకే గొట్టానికి కట్టడం పొరపాటు. జెముడు జాతివాటిని గొట్టం నుంచి తప్పించి మగ్గుకే వదిలేయండి, వాటికి పది రోజులు లెక్క కాదు.

ఇంకొక మాట, ఇది అనుభవం మీద చెబుతున్నాను. కొందరు డాబా మీద తొట్టె పెట్టి, దాని కిందే డ్రిప్పు బిగించి, నీరు రావడం లేదని తిట్టుకుంటారు. నీటిమట్టం ఒక మీటరు ఎత్తున ఉంటే ఒత్తిడి 0.1 బారు మాత్రమే. అన్ని చోట్లా సమానంగా నీరు వదిలే ఖరీదైన బిరడాలు అంత తక్కువ ఒత్తిడికి నోరు తెరవవు. అలాంటి చోట మామూలు బిరడాలు, లేదంటే తిప్పి సరిచేసుకునే చిన్న కుళాయిలే నయం. మారతహళ్లి నీరైతే సున్నం పట్టి అవీ మూసుకుపోతాయి. విప్పి ఒక రాత్రి వెనిగర్‌లో నానబెట్టండి.

మల్లేశ్వరం బామ్మ

బిందుసేద్యం, బిందుసేద్యం అని కుర్రవాళ్ళు కొత్తగా కనిపెట్టినట్లు చెబుతున్నారు. శివాలయంలో ధారాపాత్ర చూడలేదా నాయనా? ఇంకో సంగతి. జయనగర కోడలు అత్తల మీద పద్యం చెప్పింది. ఊరుకుంటానా?

*బొట్టు బొట్టు గాను భూతనాథుని మీద*
*ధార గిన్నె జార్చు దారి మేలు*
*కుండ లెత్తి పోయు కోడలా! గబగబ*
*నీరు పోసినంత నీల్గె మొక్క*

జయనగర కోడలు

బామ్మగారూ, దణ్ణం. మా అత్తయ్యకు చదివి వినిపించాను. ఇవాళ టిఫిను ఆవిడే చేశారు.

వైట్‌ఫీల్డ్ వామనుడు

బామ్మగారూ, ప్లాస్టిక్ బిరడాతో బిందుసేద్యం ఇజ్రాయెల్‌లో సిమ్హా బ్లాస్ అనే ఇంజనీరు పనితనం, 1965లో అక్కడి హట్జెరిమ్ కిబ్బుట్జ్‌లో, అంటే సమష్టి గ్రామంలో, దాని తయారీకి సంస్థ పెట్టారు. ధారాపాత్ర ముందే ఉందని ఒప్పుకుంటాను.

మల్లేశ్వరం బామ్మ

ఒప్పుకున్నావు, చాలు. నేను మా మునగ మొదట్లో మట్టికుండ పాతిపెట్టాను. రంగు వేయని, నున్నటి పూత లేని కుండ కావాలి. మెడ దాకా పాతి, నీళ్ళు నింపి, మూకుడు మూస్తాను. కుండ గోడ చెమర్చి, చుట్టూ మట్టి ఎండినకొద్దీ నీటిని వదులుతుంది. మట్టి తడిగా ఉంటే కుండ ఊరుకుంటుంది. వారానికి రెండుసార్లు నింపితే సరి. మూకుడు మాత్రం మరవకండి, లేకపోతే దోమలు. కుండీల కింద పళ్ళాలలో నిలిచిన నీళ్ళు కూడా పారబోయండి. గుడ్డు పెట్టిన దోమ పిల్లకు రెక్కలు రావడానికి వారం పది రోజులు చాలు.

నిర్వాహకుడు

బొ–భూ యతి చూశారా? బామ్మగారిది పాత చేయి. "ధారగిన్నె" సమాసంలో సంస్కృతం, తెలుగు కలిశాయని వ్యాకరణం పట్టుకునేవారు లేవక ముందే నేను దాన్ని విడి మాటలుగా చదివేశాను. పాతిన కుండ సంగతికి వస్తే, రెండు వేల ఏళ్ళ కిందటి చైనా వ్యవసాయ గ్రంథంలో కూడా ఈ పద్ధతి ఉంది. దాని ముందు డ్రిప్పు పసికూన.

కొసరు కవి

మొక్కలు పెంచను. పద్యాలు మాత్రం పెంచుతాను.

*దప్పి దీర్చు నేది? దబరెప్డు నిండును?*
*కీచకుండు భీము కేల నేమి*
*చేసె? పెరిగి రేపు చెట్టగు నెయ్యది?*
*నీరు, పోసినంత, నీల్గె, మొక్క*

నిర్వాహకుడు

క్రమాలంకారం. నాలుగు ప్రశ్నలు, నాలుగు జవాబులు, పాదం విరగలేదు. దబరాను ఛందస్సులో కూర్చోబెట్టినందుకు ఈ ఊరి హోటళ్ళన్నీ మీకు రుణపడి ఉండాలి. చప్పట్లు కొడతాను, బహుమతి ఇవ్వను. మొక్క పద్యంలో ఉంది గానీ దానికి నీళ్ళు పోసినవారు లేరు.

బసవనగుడి తులసి

*ఊరి నుండి వచ్చి యుసురని చూడగా*
*వాలి యుండె తులసి వాడి వడలి*
*నిద్ర లేచినట్టి నెలల పాపాయిలా*
*నీరు పోసినంత నీల్గె మొక్క*

మాస్టారూ, నా మొక్క చావలేదు. నీల్గడం అంటే ఒళ్ళు విరుచుకోవడం కూడా కదా. మా నాయనమ్మ పసిపిల్లలు నిద్రలేచి కాళ్ళు చేతులు చాపితే "నీలుగుతోంది, ఎదుగుతోంది" అనేది. ఆరు రోజులు ఊళ్ళో లేము. వచ్చేసరికి తులసి కొమ్మలన్నీ కోట అంచు మీదికి వాలిపోయి ఉన్నాయి. సాయంత్రం అయిదింటికి చెంబుడు పోసి సంచులు సర్దుకుంటున్నాను. దీపం పెట్టడానికి వెళ్ళేసరికి పై ఆకులు లేచాయి. రాత్రి భోజనాలయ్యాక చూస్తే నిటారుగా ఉంది.

నిర్వాహకుడు

ఇదమ్మా పూరణ! వారమంతా మనం మొక్కను చంపడానికి కారణాలు వెతుకుతున్నాం. ఈవిడ చచ్చే మాటలోంచే ప్రాణం తీశారు. తప్పు, ప్రాణం పోశారు.

ఆకు కణం నీటితో నిండి బిగిసినప్పుడే నిలబడుతుంది. నీరు తగ్గితే గాలి తీసిన బుడగలా మెత్తబడి వాలుతుంది. వేరు బతికి ఉంటే మళ్ళీ నిండుతుంది. ఆ నిండడాన్ని "నీల్గె" అన్న మాట కన్నా బాగా చెప్పే మాట నాకు తోచడం లేదు.

ఒక్క చిన్న మచ్చ. "పాపాయిలా"లోని "లా" వాడుక భాష. *నెలల పాపను బోలి* అంటే గణమూ సరిపోతుంది, యతీ నిలుస్తుంది, వ్యాకరణానికీ ఊరట.

బసవనగుడి తులసి

బోలితే పాప పెద్దదైపోతుంది మాస్టారూ. నాది నెలల పిల్ల. "లా"నే ఉండనివ్వండి.

మల్లేశ్వరం బామ్మ

ఉండనీ నాయనా.

నిర్వాహకుడు

సరే, ఇద్దరి మాట దాటగలనా. ఈ వారం పూలదండ బసవనగుడి తులసి గారికే. వచ్చే వారం సమస్య కూడా వారే ఇవ్వాలి.

అంతవరకు ఒక చిన్న సందేహం. తరువాత ఊరికి వెళ్ళినప్పుడు తులసికి ఏం చేస్తారు? అది వాలి లేవడం పద్యానికి అందంగానే ఉంది, నాలుగుసార్లు అలా వాలితే మాత్రం లేవదు.

బసవనగుడి తులసి

ఈసారి వత్తి పెట్టి చూశాను. సీసాలో నీళ్ళు, అందులోంచి తాడు, తాడు రెండో కొస కుండీ మట్టిలో నాలుగు వేళ్ళ లోతున. మొదట దీపపు వత్తుల దూదితోనే పేనాను. రెండు నెలలకు మట్టిలో ఉన్న భాగం చీకిపోయింది. ఇప్పుడు అల్లిన నైలాను తాడు. ముందుగా తాడును పూర్తిగా తడిపి పెట్టాలి, పొడి తాడు నీటిని లాగడానికి మొరాయిస్తుంది. సీసా కుండీ పక్కనే ఉండాలి. మరీ కిందికి పెడితే నీరు అంత ఎత్తు ఎక్కదు. మట్టి పైన ఎండుటాకులు రెండంగుళాలు పరిచాను, తడి ఆరకుండా.

సమస్య ఇదిగో: వత్తి నీట మునుగ వనము వెలిగె.

కొసరు కవి

కార్తిక మాసం పద్యం ఇప్పుడే తోస్తోంది!

నిర్వాహకుడు

మీరు ముందు ఒక పుదీనా కొమ్మ నాటి రండి.