అప్‌డేట్: మాన్‌స్టెరా ఆకులు మళ్లీ నిలబడ్డాయి

మట్టి తడిగానే ఉన్నా మా హాల్లో మాన్‌స్టెరా (చీలికలున్న పెద్ద ఆకుల ఇండోర్ మొక్క) ఆకులు వాలిపోతున్నాయని అడిగాను కదా. ఇంకా నీళ్లు పోయమన్నవాళ్లున్నారు, ముందు వేర్లు చూడమన్నవాళ్లున్నారు. రెండోవాళ్లదే కరెక్ట్.

కుండీలోంచి తీస్తే నర్సరీ ఎర్రమట్టి ముద్దకట్టి ఉంది. కొన్ని వేర్లు గోధుమరంగుకు తిరిగి, పట్టుకుంటే మెత్తగా ఊడొచ్చాయి. వాసన కూడా! తడి ఎక్కువై గాలి ఆడకపోతే వేర్లు నీళ్లు పీల్చలేవట, అందుకే తడిమట్టిలోనూ మొక్క వడలిపోతుంది. కుళ్లినవన్నీ శుభ్రమైన కత్తెరతో తీసేసి కోకోపీట్ (కొబ్బరి పీచు పొడి), పెర్లైట్ (మట్టిని గుల్లగా ఉంచే తేలికైన తెల్ల గుళికలు), కొబ్బరి పీచు ముక్కలు, కాస్త వర్మీకంపోస్ట్ కలిపి నాటాను. పెద్ద కుండీ వద్దన్నారుగా, మిగిలిన వేర్లకు సరిపడేదే తీసుకున్నా.

పీచు చుట్టిన కర్ర కూడా పెట్టాను. మెక్సికో అడవుల్లో చెట్లెక్కే మొక్క, కాండం నుంచి బయటికొచ్చే గాలివేర్లకు పట్టు కావాలి. ఏసీ గాలి తగలకుండా తూర్పు కిటికీ దగ్గరికి జరిపాను.

ఇప్పుడు పైన రెండు అంగుళాల మట్టి ఆరాకే నీళ్లు. పసుపెక్కిన ఆకులు పోయాయి, అవెలాగూ కోలుకోవు. కొత్త ఆకు విచ్చుకుంటోంది కానీ చీలికల్లేవు. వెలుతురు ఇంకా చాలడం లేదేమో, వానలు తగ్గాక చూడాలి.