స్నేహంగా ఉన్నవాళ్ల మధ్య రాయబారం దేనికి?

పిల్లల కోసం "రెండు మిత్రదేశాల మధ్య దౌత్య సంబంధాలు" అని చిన్న పాఠం రాస్తున్నాను. పదేళ్ల వాళ్లకి దౌత్యం అనే మాట కొరుకుడు పడదేమోనని దాన్ని "రాయబారం" అని మార్చి మా అమ్మాయికి చదివి వినిపిస్తే, "వాళ్లు ఫ్రెండ్సే కదా, మరి రాయబారం ఎందుకు?" అంది. నాకు జవాబు తోచలేదు. అది విన్న రాయబారాలు సంజయుడిది, శ్రీకృష్ణుడిది, రెండూ యుద్ధం ముంగిట జరిగినవే. మన మాటల్లోనూ అంతేగా, మాటలు మానేసిన ఇద్దరి మధ్య మూడో మనిషి తిరుగుతుంటేనే "రాయబారాలు నడుస్తున్నాయి" అంటాం. ఏ మాట వాడమంటారు?

జవాబు: దౌత్యమే ఉంచండమ్మా. శూరుడి గుణం శౌర్యం, మూఢుడిది మౌఢ్యం, అలాగే దూత చేసే పని దౌత్యం. హనుమంతుడు రామదూత అని తెలిసిన పిల్లలకి ఇది ఒక్క నిమిషం పని. పైగా అక్కడే ఇంకో సంగతి కూడా చెప్పొచ్చు. రావణుడు హనుమంతుణ్ణి చంపమన్నప్పుడు దూతను చంపడం తగదని విభీషణుడు అడ్డుపడతాడు కదా, ఇప్పుడు దాదాపు దేశాలన్నీ పాటించే 1961 నాటి వియన్నా ఒప్పందంలోనూ అదే మాట ఉంది, రాయబారిని అరెస్టు చేయకూడదు. నచ్చకపోతే కారణం కూడా చెప్పకుండా వెనక్కి పిలిపించుకోమనొచ్చు, అంతవరకే.

జవాబు: పై మాటకి చిన్న చేర్పు. రాయబార కార్యాలయం ఉన్న చోటు ఆ పరాయి దేశపు నేల అయిపోతుందని చాలామంది పిల్లలకి చెప్పేస్తుంటారు, దయచేసి మీరు రాయకండి, అది తప్పు. నేల ఆతిథ్యమిచ్చిన దేశానిదే, కాకపోతే రాయబారి ఒప్పుకోనిదే అక్కడి పోలీసులు లోపల అడుగు పెట్టకూడదు. కామన్వెల్త్ దేశాలు ఒకదానికొకటి పంపుకునే రాయబారిని హైకమిషనర్ అంటారు, పేరే తేడా, పని అదే.

జవాబు: మొదట జవాబిచ్చిన మాస్టారు దౌత్యం అన్నారు, నాకూ అదే ఇష్టం. కానీ అమ్మాయి అడిగినదానికి జవాబు నామవాచకంలో లేదండీ, క్రియలో ఉంది. రాయబారం "పంపుతాం", పని అయిందో చెడిందో వెళ్లినవాడు తిరిగొచ్చేస్తాడు. దౌత్యం "నెరుపుతాం", సంబంధాలు "కొనసాగిస్తాం". అంటే మనిషి అక్కడే కాపురం ఉంటాడు. గొడవ వచ్చాక మనిషిని వెతుక్కుంటూ కూర్చోకుండా, అన్నీ బాగున్న రోజుల్లోనే ఒకరినొకరు ఎరిగి ఉండడానికి! అక్కడ చదువుకునే మన పిల్లాడి పాస్‌పోర్టు పోయినా, భూకంపం వచ్చి సాయం పంపాలన్నా, సరుకుల మీద సుంకం గురించి మాట్లాడాలన్నా ఎవరి తలుపు తట్టాలో ముందే తెలిసి ఉంటుంది. ఇంకోటి, ఇందులో బలవంతం లేదు, రెండు దేశాలూ సరేనంటేనే సంబంధం. ఫలానా మనిషిని పంపుతున్నాం, మీకు సమ్మతమేనా అని ముందే అడుగుతారు. ఆ వెళ్లినాయన "ఈయన మా తరఫున మాట్లాడతారు, ఈయన మాట నమ్మండి" అని తమ దేశాధినేత రాసిన లేఖను అక్కడి దేశాధినేత చేతికి స్వయంగా అందిస్తారు. పిల్లలకి ఈ లేఖ సంగతి తప్పకుండా చెప్పండి, బొమ్మ వేయించినా బాగుంటుంది.

అందరికీ ధన్యవాదాలు. క్రియ గురించిన మాటతో నా ముడి విడిపోయింది. రాయబారి అనే మాట వార్తల్లో రోజూ వినపడేదే కాబట్టి మనిషికి అదే ఉంచి, పనికి దౌత్యం అని రాశాను. మొదటి వాక్యాలు ఇలా మార్చాను, చూడండి: "స్నేహంగా ఉన్న రెండు దేశాలు ఒకరి ఊళ్లో ఒకరు తమ మనిషిని ఉంచుతాయి. ఆ మనిషి రాయబారి. రెండు వైపుల మాటలూ పొల్లుపోకుండా చేరవేస్తూ ఆయన రోజూ చేసే పని దౌత్యం." మా అమ్మాయికి మళ్లీ వినిపించాను. ఈసారి "ఆ లెటర్‌లో ఇంకా ఏం రాస్తారు?" అని అడిగింది.