అద్దె ఇంటి బాల్కనీలో నిలువు తోట: మేకు కొట్టకూడదు, బోరు నీళ్లు ఉప్పు. ఎలా మొదలుపెట్టాలి?

వేదాయపాళెం కోడలు:

అందరికీ నమస్తే. మాది నెల్లూరు, వేదాయపాళెంలో అద్దె ఇల్లు, రెండో అంతస్తు. బాల్కనీ ఎనిమిది అడుగుల పొడవు, మూడు అడుగుల వెడల్పు. వాషింగ్ మెషీన్, బట్టల దండెం, మా అత్తమ్మ కుర్చీ అన్నీ అందులోనే. కింద కుండీ పెడితే కుర్చీకి చోటుండదు, కుర్చీకి చోటు లేకపోతే ఇంట్లో నాకు చోటుండదు. అందుకే గోడ మీదికి పోదామనుకున్నా.

ఫిబ్రవరిలో ఆన్‌లైన్లో పన్నెండు జేబుల గుడ్డ సంచి తెప్పించి, గోడ పక్కనున్న కిటికీ గ్రిల్లుకు కట్టాను. ఎర్రమట్టి నింపి కొత్తిమీర, పుదీనా, పాలకూర వేశాను. మార్చి దాకా బాగుంది, ఫోటోలు తీసి మా అమ్మకు పంపుకున్నా. ఏప్రిల్లో పై వరుస అప్పడంలా ఎండిపోయింది, కింది వరుస కుళ్లిపోయింది. ఒకే సంచి, ఒకే చెయ్యి పోసిన నీళ్లు! పైగా గోడ చెమ్మపట్టి పెచ్చులూడింది. "మేకు కొట్టలేదు కదండీ" అంటే, "గోడ తడిపావు కదమ్మా" అన్నారు ఓనరు గారు. కిందింటి పిన్నిగారి వడియాల మీద ఎర్రనీళ్లు కారిన కథ ఇక్కడ చెప్పను.

ఎండ మధ్యాహ్నం ఒంటిగంట నుంచి పడమటి ఎండ. బోరు నీళ్లకు బకెట్ అంచున తెల్లగా పొర కడుతుంది. రెండు వేలకు మించి పెట్టలేను. వినాయక చవితి అయ్యాక మళ్లీ మొదలుపెట్టాలని ఉంది. నేను చేసిన తప్పేంటి?

గోడ గడియారం:

మనీప్లాంట్ పెట్టుకోండి. చావదు, టెన్షన్ ఉండదు.

వేదాయపాళెం కోడలు:

పచ్చడికి రాదు కదండీ.

కావలి టైలరక్క:

చెల్లీ, తప్పు నీది కాదు, ఆ సంచిది. నేనూ రెండు కొని పారేశాను. నీళ్లు కిందికే పోతాయి, అది వాటి గుణం. పైన ఎండ, గాలి ఎక్కువ, కింద నీడ. అన్ని వరుసల్లో ఒకే రకం మొక్కలేసి ఒకే రకంగా నీళ్లు పోస్తే నీకు జరిగినట్టే జరుగుతుంది. పై వరుసలో దాహానికి ఓర్చుకునేవి పెట్టు. నా దగ్గర వామాకు, కలబంద ఉన్నాయి. మధ్యలో తోటకూర, బచ్చలి. అన్నిటికన్నా కింద పుదీనా. దానికి తడి కావాలి, మధ్యాహ్నపు ఎండ అక్కర్లేదు.

నాది కుట్టుమిషను పక్కనున్న రెండు గజాల చోటు. పాత సామాన్ల కొట్లో ఆరువందలకు ఇనుప యాంగిల్ ర్యాక్ దొరికింది, నాలుగు అరలు. నువ్వు దాన్ని పొడవు గోడకు పెట్టొద్దు. మూడడుగుల పొట్టి గోడ ఉంటుంది చూడు, బాల్కనీ చివర, అక్కడ పెట్టు. అడుగు లోతే పోతుంది, మీ అత్తమ్మ కుర్చీ కదలక్కర్లేదు. గోడకూ ర్యాక్‌కూ మధ్య నాలుగు వేళ్ల సందు వదులు, చెమ్మ పట్టదు.

కుండీలు కొనకు. అయిదు లీటర్ల నూనె డబ్బాలు అడ్డంగా పడుకోబెట్టి పైభాగం కోసెయ్. అరకు నాలుగు పడతాయి. చిల్లుల దగ్గర ఒక కిటుకుంది: పై అరల డబ్బాలకు అడుగున కాకుండా, పక్కన ఒక అంగుళం పైన చిల్లు పెట్టు. అడుగున కాసిన్ని నీళ్లు నిలిచి, పగలంతా మొక్కకు అందుతాయి. కింది అరకు మాత్రం అడుగునే పెట్టు. ఈ ఒక్క మార్పుతో నేను మే నెలలో కూడా రెండుపూటలా పోసే పని తప్పించుకున్నా.

ఉత్త ఎర్రమట్టి గట్టిపడి రాయవుతుంది. ఎర్రమట్టి, కోకోపీట్ (కొబ్బరిపీచు పొట్టు), వర్మీకంపోస్టు (వానపాముల ఎరువు) సమపాళ్లలో కలిపి, గుప్పెడు వేపపిండి వెయ్యి. కోకోపీట్‌లో ఉప్పు ఉంటుంది, మంచినీళ్లలో రెండు మూడుసార్లు నానబెట్టి పిండెయ్యి. మన నీళ్లలో ఉన్న ఉప్పు చాలదా!

కొత్తిమీర ఎండల్లో రాదు, రెండాకులేసి పూతకెళ్తుంది. అక్టోబరులో ధనియాలు నలిపి చల్లు. పాలకూర కూడా అప్పుడే. ఎండాకాలం తోటకూరతో సరిపెట్టుకో, విత్తిన నెలకల్లా కోతకొస్తుంది. టమాటా జోలికి ఇప్పుడే పోవద్దు, దాని వేరుకు పెద్ద బకెట్ కావాలి.

రిటైరైన ఓవర్సీరు, ఒంగోలు:

టైలరమ్మ గారు చెప్పింది బాగుంది. నేను బరువు, గాలి సంగతి చెబుతాను. తడిసిన డబ్బా ఒక్కోటి నాలుగైదు కిలోలు తూగుతుంది. పదహారు డబ్బాలంటే ఒక మనిషి బరువు. నేల మోస్తుంది, ఫరవాలేదు. రెయిలింగ్‌కు బయటివైపు మాత్రం ఒక్క డబ్బా కూడా వేలాడదీయొద్దమ్మా. 2023 డిసెంబరులో మిచాంగ్ తుఫానప్పుడు మా అపార్ట్‌మెంట్లో మూడో అంతస్తు కుండీ కింద కారు అద్దం మీద పడింది. అప్పుడు మనుషులెవరూ లేరు కాబట్టి సరిపోయింది. ర్యాక్ పైభాగాన్ని నైలాన్ తాడుతో గ్రిల్లుకు బిగించండి, మేకు అక్కర్లేదు. తుఫాను కబురు రాగానే పై అర డబ్బాలు దించేయండి. ఉప్పుగాలికి ఇనుము తుప్పు పడుతుంది, ముందే రెడ్ ఆక్సైడ్ రంగు కొట్టించండి.

నీళ్ల విషయం. ఆర్వో మిషను బయటికి వదిలే నీళ్లు పొయ్యకండి, అందులో ఉప్పు ఇంకా ఎక్కువ. ఆకుల అంచులు మాడుతుంటే ఉప్పు పేరుకుందని అర్థం. ఇంట్లో ఏసీ ఉంటే దాని గొట్టం కింద బకెట్ పెట్టండి. అది గాలిలోని తేమే కాబట్టి ఉప్పుండదు. ఏసీ నడిచేది ఎండాకాలమే, మొక్కకు నీళ్లు కావలసిందీ అప్పుడే. వానాకాలంలో వాననీళ్లు బాగా పోసి, చిల్లుల నుంచి కారిపోనిస్తే మట్టిలో ఉప్పు కడుక్కుపోతుంది.

ఫ్రాన్సులో పాట్రిక్ బ్లాంక్ అనే వృక్షశాస్త్రవేత్త పారిస్‌లోని కే బ్రాన్లీ మ్యూజియానికి గోడంతా మొక్కలు పెంచాడు, మ్యూజియం 2006లో తెరిచారు. అక్కడ మట్టి ఉండదు, గుడ్డపొరల్లోకి పోషకాలు కలిపిన నీళ్లు గొట్టాలతో పారుతుంటాయి. మీరు కొన్న సంచి దాని మనవరాలే. గొట్టాలు లేకుండా గుడ్డ ఒక్కటే అమ్మారు.

కావలి టైలరక్క:

కింద అరలో తాంబాళం పెట్టు చెల్లీ, వడియాలు బతుకుతాయి. అందులో నీళ్లు మాత్రం నిలవనివ్వకు, వారానికి రెండుసార్లు పారబొయ్యి. లేదంటే మొక్కలకన్నా ముందు దోమలు మొలుస్తాయి.

వేదాయపాళెం కోడలు:

టేపు పెట్టి కొలిచాను. పొట్టి గోడ దగ్గర ప్రస్తుతం చీపుర్లూ, విరిగిన ఎక్సర్‌సైజ్ సైకిలూ ఉన్నాయి. సైకిల్ ఆయనది. పాత సామానుకు వేసి ర్యాక్ తెచ్చుకుంటానంటే, రేపటి నుంచి తొక్కుతానంటున్నారు. ఏసీ గొట్టం కింద బకెట్ పెట్టాను, పొద్దుటికి సగం నిండింది. మా అత్తమ్మ అప్పుడే పుదీనా కాడలు గ్లాసులో వేసి కిటికీలో పెట్టేసింది.